మద్దతు లేదు, అభ్యంతరమూ లేదు

2025 సంక్రాంతికి పాలకీడు వెళ్ళినప్పుడు, వసారాలో కూర్చుని ఒక పాత ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మరలు విప్పుతున్నాను. అమ్మ వచ్చి కాసేపు చూసి, "ఇది మీ అన్న నీకిచ్చిండా, పారేసిండా?" అంది. రెండూ నిజమే. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు 2012లో కొన్న మ్యాక్‌బుక్ ప్రో అది. అధికారికంగా దాని ఆయుష్షు 2019 నాటి కాటలీనాతో ముగిసింది. ఆ తర్వాత వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఆ మోడల్‌కి లేవు.

దాంతో నాకేం పని? పీహెచ్‌డీ కోసం సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ళలో నాట్లు వేసే ఆడవాళ్ళ పాటలు రికార్డు చేశాను. సిద్ధాంత గ్రంథం అట్ట కట్టించుకుని అల్మారాలోకి వెళ్ళింది, పాటలు హార్డ్ డిస్కులో ఉండిపోయాయి. వాటిని ఫోన్లో వినగలిగేలా ఒక యాప్ చేయాలనుకున్నాను. ఆండ్రాయిడ్‌కైతే ఏ కంప్యూటరైనా సరిపోతుంది, ఆ పని త్వరగానే అయింది. ఐఫోన్ దగ్గరే చిక్కు. దానికి ఎక్స్‌కోడ్ కావాలి, ఎక్స్‌కోడ్‌కి మ్యాక్ కావాలి, ఆ మ్యాక్ కూడా కొత్తదై ఉండాలి. 2022 ఏప్రిల్ నుంచి ఎక్స్‌కోడ్ 13తో తయారైన యాప్‌లనే యాప్ స్టోర్ తీసుకుంది. అది కాటలీనా మీద నడవదు. 2025 ఏప్రిల్‌కి ఎక్స్‌కోడ్ 16 అన్నారు, దానికి సొనోమా ఉండాలి. అంటే నా పాత యంత్రం మీద యాప్ రాసుకోవచ్చు, నడిపి చూసుకోవచ్చు, అంగడికి మాత్రం తీసుకెళ్ళలేను.

ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ అని స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రాసిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పాత మ్యాక్‌ల మీద కొత్త సిస్టమ్ ఎక్కిస్తుంది. ఎక్కించే ముందు మూడు రాత్రులు లైసెన్సు ఒప్పందం చదివాను. సాహిత్య విద్యార్థిని కదా, పాఠం కనిపిస్తే వదలను. మ్యాక్ ఓఎస్‌ని ఆపిల్ ముద్ర ఉన్న కంప్యూటర్ల మీదే వాడాలని అందులో ఉంది. మామూలు పీసీల మీద దాన్ని వేసి అమ్మిన సైస్టార్ అనే సంస్థ 2009లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో ఓడిపోయింది, 2011లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. నా దగ్గరున్నది ఆపిల్ యంత్రమే కాబట్టి నేను ఆ గీత దాటడం లేదు. నా యంత్రానికి వర్తించే మాట నిషేధం కాదు, 'మద్దతు లేదు' అనేది.

ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇది కొత్త మాట కాదు, ఇంట్లో విన్నదే. ఎంఏకి హైదరాబాద్ పోతానన్నప్పుడు నాన్న వద్దనలేదు. "పోతనంటే పో, రేపేమన్నయితే మమ్మల్ని అనకు" అన్నాడు. వద్దంటే పోట్లాడేదాన్ని. నిషేధానికి ఒక ముఖం ఉంటుంది, దాని మీద కథ రాయొచ్చు, ఉద్యమం కట్టొచ్చు. 'నీ ఇష్టం, మాకు సంబంధం లేదు' అనేవాళ్ళతో ఎట్లా పోట్లాడతాం? వాళ్ళు మనకు స్వేచ్ఛ ఇచ్చినట్టే లెక్క, తప్పు జరిగితే ఆ లెక్కంతా మనదే.

1902లో 'ధనత్రయోదశి' కథ రాసిన భండారు అచ్చమాంబ, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. భర్తకు మొదట్లో అది ఇష్టం లేదు. (ఆ తమ్ముడు తర్వాత దివానుగా పనిచేసిన మునగాల ఇప్పుడు మా జిల్లాలోనే ఉంది.) మనం ఆ పట్టుదలను మెచ్చుకుంటాం. మెచ్చుకోవాల్సిందే. కానీ పక్కన కూర్చుని నేర్చుకోవడానికి ఎంత ఖర్చవుతుందో ఆ మెచ్చుకోలులో కొట్టుకుపోతుంది. నా యంత్రానికి ప్రతి అప్‌డేట్ తర్వాతా ప్యాచ్‌లు మళ్ళీ వేయాలి. వేసేదాకా వైఫై రాదు, తెర వణుకుతుంది. భద్రతకు పెట్టిన కొన్ని తాళాలు తీసే ఉంచాలి. కొత్త కంప్యూటర్ ఉన్నవాళ్ళు ఆ గంటలో ఒక పేజీ రాసుకుంటారు. ఉన్నదాంతో సర్దుకునే తెలివిని పొగిడేవాళ్ళంటే నాకు కాస్త అనుమానం.

అధికారిక మద్దతు ఉంటే సరిపోతుందా అంటే అదీ కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఒక రూపంలో సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. అదే నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. తెలుగుకు అప్పటికే ఆ ఫోన్లలో మద్దతు ఉంది. జ్ఞానంలోని మొదటి అక్షరం కూల్చింది కదా అని మేం స్నేహితురాళ్ళం నవ్వుకున్నాం కూడా.

ఇంతవరకూ ఈ వ్యాసంలో అన్యాయం జరిగింది నాకే. ఏప్రిల్‌లో యాప్ నా ఫోన్లో నడిచింది. ఊరికి పట్టుకెళ్ళి, 2014లో నాకు పాడిన ఒక పెద్దమ్మకు వినిపించాను. డెబ్బై దాటిన మనిషి. తన గొంతు తనే విని మొదట నవ్వింది. తర్వాత అడిగింది:

"ఎవరెవరు ఇంటరు బిడ్డా దీన్ని?"

"ఎవరైనా వినొచ్చు పెద్దమ్మా. అమెరికాలో కూడా."

"అమెరికా సంగతి సరే. పటేలు మనవడు గూడ ఇంటడా?"

నాకు అర్థం కాలేదు. "పటేలు పేరు తీసిన గదా అండ్ల. వాళ్ళ పొలమే ఇయ్యాల మా పోరడు కౌలుకు చేస్తుండు."

పదకొండేళ్ళుగా ఆ పాట నా దగ్గరుంది. ఆ పేరును నా సిద్ధాంత గ్రంథంలో 'ప్రతిఘటన స్వరం' కింద విశ్లేషించాను. ఆమెను అడగకుండా ఏమీ చేయలేదు, నిజమే. "ఇష్టమైతేనే పాడు పెద్దమ్మా" అన్నాను, నోట్సులో 'సమ్మతి తీసుకున్నాను' అని రాసుకున్నాను. ఆమె సమ్మతి నా చదువుకు. ఆ పాట ఊళ్ళోకి తిరిగొస్తే ఏమవుతుందో ఆమెకు నేను చెప్పలేదు, నేనూ అనుకోలేదు. కంపెనీ ఒప్పందం మూడు రాత్రులు చదివినదాన్ని, ఈ ఒప్పందానికి మూడు నిమిషాలు ఇవ్వలేదు. పాడితే పాడు, రేపేమన్నయితే నాకు సంబంధం లేదు. నేను ఆమెతో అన్నది దాదాపు ఇదే, మర్యాదైన మాటల్లో.

పేరు వినపడకుండా చేస్తానన్నాను. "పేరు తీసేస్తే అది పాటెట్లయితది?" అంది. ఆ మాట అన్నాక ఇక ఆమెను భయస్తురాలని ఎవరంటారు? పాట ఆమెది, పేరూ ఆమె పెట్టిందే. పొలం మాత్రం వాళ్ళది.

ఇప్పుడు పాడిన వాళ్ళందరి దగ్గరికీ మళ్ళీ తిరుగుతున్నాను. కొందరు పోయారు, వాళ్ళ బిడ్డల్ని అడుగుతున్నాను, అడిగే హక్కు బిడ్డలకు ఎంతుందో తేల్చుకోలేకుండానే. ఒకామె, "మా ఆయన ఇంటే తంతడు, తీసెయ్" అంది. తీసేశాను. ఇంకొకామె తన పేరు పెద్దక్షరాల్లో వేయమంది. యాప్ ఇంకా అంగడికి పంపలేదు. ఈలోపు సిస్టమ్‌కి మరో అప్‌డేట్ వచ్చింది, వైఫై మళ్ళీ పోయింది.

పెద్దమ్మ కొడుకును అడిగి చెప్తానంది. "నువ్వు జాన్‌పహాడ్ ఉర్సుకు వస్తవు గదా, అప్పుడు మాట్లాడుకుందాం" అంది. జాబితాలో ఆమె పాటది 14వ నంబరు. నంబరు ఉంచాను, పాట లేదు.