కోతకాలమందైనను విశ్రాంతి
ధ్యానభాగములు: నిర్గమకాండము 34:21, 1 రాజులు 19:1–8



మార్చి నెల వచ్చెననిన మన ఒంగోలు ప్రాంతపు పల్లెలలో రెండు కోతలు ఒక్కసారే వచ్చును. ఒకటి మిరపకోత. కల్లములలో ఎఱ్ఱని కాయలు ఎండుచుండును. తల్లులు పొద్దు పొడవకమునుపే చేలకు పోవుదురు. రెండవది మన బిడ్డల పరీక్షలు. ఏడాది చదువంతయు ఆ కొద్ది దినములలోనే తూకమునకు వచ్చును.

అప్పుడు మన గృహములలో ఒక ప్రశ్న పుట్టును. పిల్లవాడు పుస్తకము మూసి నిద్రపోయిన అది సోమరితనమా? ఆదివారము ఆరాధనకు వచ్చిన అది కాలము పోగొట్టుకొనుటయా? “పరీక్షలు అయిన తరువాత వచ్చునులెండి, అయ్యగారూ” అను తలిదండ్రులను మనమెరుగుదుము. వారిలో దోషము వెదకుట సులభమే. అయితే కూలికి పోయి, అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రికి ఆ పరీక్ష ఎంత బరువో మనము తెలిసికొనవలెను. పొలము లేని కుటుంబమునకు బిడ్డ చదువే పొలము. సామెతల గ్రంథము కూడ సోమరిని చీమయొద్దకు పంపి బుద్ధి నేర్చుకొమ్మనుచున్నది (6:6). కాబట్టి చదువు చిన్న సంగతియని మేము చెప్పుటలేదు.

అయినను ఇశ్రాయేలీయులకియ్యబడిన ఆజ్ఞను చూడుడి. ఏడవ దినమున విశ్రమింపుడని చెప్పి ఊరకుండక, దున్నుకాలమందును కోతకాలమందును అట్లే చేయవలెనని దేవుడు విధించెను. పనిలేని దినములలో విశ్రమించుటకు ఆజ్ఞ అక్కరలేదు. పంట చేతికి వచ్చువేళనే మనుష్యుడు తన చేతుల బలమునే నమ్ముకొని, దేవుని మరచును. అందుచేత ఆ వేళకే ఈ ఆజ్ఞ. విశ్రాంతి పని ముగిసిన పిమ్మట దొరకు కూలి కాదు. అది విశ్వాసముతో చేయు పనిలోనే ఒక భాగము.

రైతుకు ఇది తెలియనిది కాదు. ఒంగోలు గిత్త ఎంత బలము గలదైనను మధ్యాహ్నమునకు కాడి దింపి, నీరు పెట్టి, మేత వేయును. ఎద్దుకు చూపు కనికరము కన్నబిడ్డకు చూపకుండుట న్యాయమా?

ఏలీయా భక్తుని చూడుడి. కర్మెలు కొండమీద జయము పొందినవాడే తరువాత అలసి, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దేవుడు అతని గద్దింపలేదు. మొదట నిద్రపోనిచ్చెను, దూతను పంపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను. పిమ్మటనే హోరేబు ప్రయాణము. అలసిన దేహముతో దేవుడు వాదింపలేదు; దానికి ఆహారము పెట్టెను.

నేటి వైద్యులు చెప్పునదియు ఇదే. 13 మొదలు 18 ఏండ్ల వయస్సువారికి రాత్రికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. పగలు చదివినది జ్ఞాపకములో స్థిరపడుటకు నిద్రయే సాయము. నిద్ర మాని చదువుట చిల్లి సంచిలో మిరపకాయలు నింపుటవంటిది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన తరువాత ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖము మన ఇండ్లకు దూరమని తలంచకుడి. మన సంఘచరిత్రయే మనకు ఒక మాట చెప్పుచున్నది. 1853లో తెలుగు మిషను ఫలింపలేదని దానిని మూసివేయుటకు అమెరికాలోని బాప్టిస్టు పెద్దలు ఆలోచించిరి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూవెట్ దొరగారును మరికొందరును ఒంగోలు కొండమీద మోకరించిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 1853 నాటి లెక్కనుబట్టి తీర్పు తీర్చియుండినయెడల ఏమగును? ఒక్క ఏటి మార్కులనుబట్టి బిడ్డ జీవితమునకు తీర్పు తీర్చుటయు అట్టిదే. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష కలదు. పోయిన ప్రాణమునకు లేదు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, ఈ నెలలో బిడ్డను “ఎన్ని పాఠములైనవి?” అని అడుగుటకు ముందు “అన్నము తింటివా, నిద్రపోతివా?” అని అడుగుడి. ఇరుగుపొరుగు పిల్లలతో పోల్చకుడి. సంఘపెద్దలారా, ఇంట దీపమునకో నెమ్మదికో కొదువగల పిల్లలకు సాయంకాలమున మందిరము తలుపు తెరచియుంచుడి. బిడ్డ మాటలాడక, తినక, బ్రదుకు వద్దనినయెడల గద్దింపక దగ్గర కూర్చుండుడి. 14416 నంబరుకు ఫోను చేసినయెడల సలహా ఉచితముగా దొరకును.

విద్యార్థులారా, శ్రద్ధగా చదువుడి. వేళకు పుస్తకము మూయుడి. పడవలో తుపాను రేగినప్పుడు మన ప్రభువు తలగడమీద నిద్రించుచుండెను (మార్కు 4:38). తండ్రి మేలుకొనియున్నాడని ఎరిగినవాడు నిద్రింపగలడు. ఆయన కాడి సుళువైనది. దాని క్రిందికి రండి.

ప్రభువు మన బిడ్డలకు జ్ఞానమును, నెమ్మదియైన నిద్రను అనుగ్రహించునుగాక. ఆమేన్.