వెల కట్టిన ఆతిథ్యం

ఖరీదైన స్టేక్‌హౌస్‌లో వడ్డన సరిగ్గా జరగకపోతే కలిగే బాధ, కట్టిన బిల్లుతో కొలవగలిగేది కాదు. అంతే డబ్బు ఏదో సరుకు కొని నష్టపోయిన మనిషి నాలుగు రోజులు చిరాకు పడి మరచిపోతాడు. బల్ల ముందు కూర్చోబెట్టి తనను పట్టించుకోలేదన్న సంగతిని మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటాడు. డబ్బిచ్చి కొన్న సేవలో ఆదరణ కూడా చేరి ఉంటుందా, అది దక్కనప్పుడు జరిగినది నష్టమా అవమానమా, ఆ కోపాన్ని ఎవరి మీద చూపడం ధర్మం అన్న మూడు ప్రశ్నలు ఈ చిన్న అనుభవంలో ఇమిడి ఉన్నాయి. మతాలూ తత్త్వశాస్త్రమూ చాలా కాలంగా వీటి గురించి ఆలోచిస్తూనే ఉన్నాయి.

స్టేక్‌హౌస్ అమెరికా భోజనశాల. పంతొమ్మిదో శతాబ్దపు న్యూయార్క్‌లో అది రూపు దిద్దుకుంది. మన్‌హట్టన్‌లో కీన్స్ 1885లోనూ, బ్రూక్లిన్‌లో పీటర్ లూగర్ 1887లోనూ మొదలయ్యాయి. ఇక్కడి వంట చూడటానికి చాలా సాదా. గొడ్డుమాంసం, ఉప్పు, మిరియాలు, పెద్ద మంట, అంతే. పేరున్న చోట్ల మాంసాన్ని చల్లటి గదిలో గాలి ఆడేలా ఉంచి నాలుగు వారాలో, అంతకన్నా ఎక్కువో మాగబెడతారు. 'మీడియం రేర్' అని అడిగితే ముక్క నడిమధ్యన వేడి 54 నుంచి 57 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగాలి. కాసేపు ఎక్కువ కాలితే లోపలి ఎరుపు పోయి బూడిదరంగు వస్తుంది. మసాలా లేదు కనుక ఆ పొరపాటును కప్పిపుచ్చే దారి లేదు. ఇద్దరు తింటే బిల్లు రెండు వందల డాలర్లు దాటడం మామూలే. ఆ మొత్తం మాంసానికి మాత్రమే కట్టేది కాదు. తెల్లటి బల్లగుడ్డ, పక్కబల్ల మాటలు వినబడనంత ఎడం, వేళకు అందే పళ్లెం, అడగకుండానే నిండే గ్లాసు, ఇవన్నీ అందులోకే వస్తాయి.

నిరాశ ఎలా పేరుకుంటుందో ఒక మామూలు సాయంత్రంలో చూడవచ్చు. పెళ్లిరోజుకని ఒక జంట నెల ముందే బల్ల చెప్పి ఉంచుకుంటుంది. చెప్పిన వేళకు వస్తే ముప్పావుగంట గుమ్మం దగ్గర నిలబెడతారు. కూర్చున్నాక మంచినీళ్ల గ్లాసు ఖాళీ అయి ఖాళీగానే ఉండిపోతుంది. పళ్లేలు వస్తాయి. ఆమెది సరిగ్గా ఉంటుంది. అతడు కత్తితో ముక్క నడుమ కోస్తే అంచు నుంచి అంచు దాకా బూడిదరంగే. వడ్డించే మనిషి ఒక చూపు చూసి, మాట లేకుండా పళ్లెం పట్టుకుపోతాడు. ఆమె కాసేపు చెయ్యి ఆపి కూర్చుంటుంది. చల్లారిపోతుంది తినమని అతడే బతిమాలుతాడు. కొత్త పళ్లెం వచ్చేసరికి ఆమె భోజనం అయిపోయి ఉంటుంది. కలిసి తినాలని వచ్చిన ఇద్దరూ వేరువేరుగా తిని లేస్తారు. తెలుగువారి బంతిభోజనంలో అందరి విస్తళ్లలో పడేదాకా ఎవరూ కలుపుకోకపోవడం, పక్కవారు ముగించేదాకా లేవకపోవడం మర్యాద. ఆ మర్యాద తెలిసినవారికి ఈ సాయంత్రం ఎక్కడ చెడిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో లోపాలు మూడు రకాలు. మాంసం ఎక్కువ కాలడం వస్తువులోని లోపం. ముప్పావుగంట నిలబెట్టడం వేళ తప్పిన లోపం. మాట లేకుండా పళ్లెం పట్టుకుపోవడం ఆదరణలోని లోపం. మొదటిదానికి మరో ముక్క, రెండోదానికి బిల్లులో తగ్గింపు ఇచ్చి సరిపెట్టవచ్చు. మూడోదాన్ని దేనితో సరిపెట్టాలో తెలియదు. న్యూయార్క్‌లో 1985లో యూనియన్ స్క్వేర్ కెఫే తెరిచిన డానీ మేయర్, 2006లో వెలువడిన తన 'సెట్టింగ్ ద టేబుల్' పుస్తకంలో సేవనూ ఆతిథ్యాన్నీ విడదీశాడు. సేవ అంటే పని సక్రమంగా జరగడం, ఆతిథ్యం అంటే ఆ పని జరుగుతున్నప్పుడు వచ్చినవారి మనసుకు ఎలా అనిపించిందన్నది. వ్యాపారి చేసిన ఈ విభజనలో తాత్త్వికమైన చిక్కు ఒకటి ఉంది. పనిని ఒప్పందంలో రాసుకోవచ్చు. మనసుకు ఎలా అనిపించాలో ఏ ఒప్పందంలోనూ రాయలేరు. అయినా ఖరీదైన భోజనశాల అమ్మజూపేది ఆ రెండోదాన్నే.

మతాలు చెప్పిన ఆతిథ్యంలో అమ్మకం లేదు. బైబిల్ ఆదికాండం పద్దెనిమిదో అధ్యాయంలో అబ్రాహాము మండుటెండలో తన గుడారం ముందు ముగ్గురు అపరిచితులను చూసి పరుగెత్తుకెళ్లి పిలుస్తాడు. మందలో లేతదూడను తానే ఎంచి వండిస్తాడు. వాళ్లు తింటున్నంతసేపూ చెట్టు కింద పక్కనే నిలబడి ఉంటాడు. ఖురాన్‌లోనూ ఇబ్రాహీం అతిథుల ముందు దూడమాంసం పెట్టిన ఘట్టం ఉంది. ఆరో శతాబ్దపు సెయింట్ బెనెడిక్ట్ నియమావళి, మఠానికి వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తుగానే చేర్చుకోమంటుంది. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి చదువు ముగించి వెళ్లే శిష్యుడికి అతిథిని దేవుడిగా చూడమని చెబుతుంది. పెట్టేదాన్ని శ్రద్ధతో పెట్టాలనీ, శ్రద్ధ లేకుండా పెట్టకూడదనీ కూడా అక్కడే చెబుతుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయం సత్కారం లేకుండా, చులకనగా ఇచ్చిన దానాన్ని తామసంగా లెక్కగడుతుంది. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టి ఈ ధర్మాన్ని బతికి చూపింది. ఈ ఉదాహరణలన్నిటిలో పెట్టే మనిషే ఇంటి యజమాని. ఏమి పెట్టారన్నదానితో సమానంగా ఎలా పెట్టారన్నది కూడా పుణ్యపాపాల లెక్కలోకి వస్తుంది.

భోజనశాల ఎవరి ఇల్లూ కాదు, అక్కడికి వచ్చినవాడు కొనుగోలుదారే తప్ప అతిథి కాడు అన్న వాదనకు బలం ఉంది. వెల ఉన్నచోట దానం లేదు, దానం లేనిచోట శ్రద్ధ కోరే హక్కూ లేదని ఈ వాదన సారం. మహాభారతం ఉద్యోగపర్వంలోని ఒక ఘట్టం దీన్ని మరో వైపు నుంచి చూపుతుంది. రాయబారానికి వచ్చిన కృష్ణుడు దుర్యోధనుడి విందును కాదని విదురుడి ఇంట భోజనం చేస్తాడు. పరుల అన్నం ప్రీతి ఉంటే తినాలి, లేదా ఆపదలో ఉంటే తినాలి, ఇక్కడ ఆ రెండూ లేవని అతడు చెప్పే కారణం. రాజభవనంలో వంటకాలకు కొదవ లేదు. లేనిది ప్రీతి. దాన్ని వైభవంతో భర్తీ చేయడం కుదరదని ఆ ఘట్టం చెబుతుంది. ఖరీదు పెరిగినకొద్దీ ఆదరణ పెరగాలన్న నియమం లేదని స్టేక్‌హౌస్ అతిథికి తెలిసివచ్చేదీ అదే.

అలాగని డబ్బు చేతులు మారిన చోట ఆదరణకు తావే లేదనుకోవడం కూడా పొరపాటు. రోమన్ తత్త్వవేత్త సెనెకా 'ఉపకారాలు' అన్న గ్రంథంలో వైద్యుణ్ణీ గురువునూ ఉదాహరణగా తీసుకున్నాడు. వైద్యుడికి ఇచ్చే రుసుము అతడి శ్రమకు వెల. రోగి కోసం అతడు నిజంగా ఆందోళన పడి ఉంటే, రుసుము చెల్లించాక కూడా ఋణం మిగిలే ఉంటుంది. ఈ వివేచన వడ్డనకూ సరిపోతుంది. పళ్లెం తేవడం, గ్లాసు నింపడం, వేళ పాటించడం బిల్లుకు బదులు రావలసినవి. అవి రాకపోతే అడిగే హక్కు అతిథికి ఉంది. పళ్లెం పట్టుకుపోతూ వడ్డించే మనిషి ఇద్దరి ముఖాలూ చూసి, ఆమె భోజనం కూడా వెచ్చగా ఉంచి ఇద్దరికీ కలిపి తెస్తానంటే అది వెలకు మించినది. దాన్ని ఆశించవచ్చు, దక్కితే కృతజ్ఞత చూపవచ్చు. బాకీలా వసూలు చేయడం మాత్రం కుదరదు.

అవతలి వైపు నిలబడ్డ మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వస్తువులకు వెల ఉంటుందనీ, మనిషికి ఉన్నది వెలకు అందని గౌరవమనీ జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో రాశాడు. ఫ్రెంచ్ తత్త్వవేత్త సార్త్ర్ 1943లో ఒక కెఫే సర్వరును వర్ణించాడు. నడకలో, వంగడంలో, పళ్లెం పట్టుకోవడంలో కాస్త అతిగా సర్వరులా ఉండే ఆ మనిషి తన పాత్రనే తానని నమ్మే ప్రయత్నంలో ఉంటాడు. సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల పనిని పరిశీలించి, జీతం కోసం నవ్వును, ఓర్పును లోపలి నుంచి తెచ్చుకోవడం కూడా శ్రమేనని చూపింది. నవ్వు ఉద్యోగంలో భాగమైనప్పుడు అది రాని రోజు పని ఎగ్గొట్టిన రోజవుతుంది. అయిదు బల్లలు ఒక్కరే చూసుకుంటూ పదో గంట నిలబడ్డ మనిషి ముఖంలో నవ్వు లేకపోతే, అతిథికి అది నిర్లక్ష్యంలా కనబడుతుంది. అసలు కారణం ఇంకో మనిషిని పనిలో పెట్టని యాజమాన్యం కావచ్చు.

అమెరికాలో టిప్పు ఈ బంధాన్ని మరింత చిక్కు చేసింది. టిప్పులు వచ్చే పనివారికి యజమాని గంటకు 2.13 డాలర్లే ఇవ్వవచ్చని, మిగతాది టిప్పులతో కనీస వేతనానికి చేరాలని ఫెడరల్ చట్టం 1991 నుంచి అనుమతిస్తోంది. మామూలు కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్లు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి కొన్ని రాష్ట్రాలు ఈ తేడాను ఒప్పుకోవు. తక్కినచోట్ల వడ్డించే మనిషి బతుకు చాలావరకు అతిథి మెప్పు మీదే నడుస్తుంది. మనుషుల మధ్య సమానత్వానికి ఇది తగదని ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అక్కడ వాదన లేచింది. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నిషేధించింది, మరికొన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి, 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయ్యాయి. 2015లో డానీ మేయర్ సంస్థ తన భోజనశాలల్లో టిప్పు తీసివేస్తున్నట్టు ప్రకటించి, 2020లో మళ్లీ అనుమతించింది. టిప్పు ఉన్నంతకాలం భోజనం ముగించిన మనిషి తీర్పరి కూడా అవుతాడు. రెండు వందల డాలర్ల బిల్లు మీద ఇరవై శాతం అంటే నలభై డాలర్లు. మాంసం మాడ్చినది వంటగదిలోని మనిషైతే, ఆ నలభై కోసేయడం వల్ల శిక్ష పడేది పళ్లెం మోసిన మనిషికి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటేనని తెలుగు సామెత. పక్షపాతాన్ని గుర్తించి చెప్పిన మాట ఇది. పాత ఖాతాదారులకు మంచి బల్ల, కొత్తవారికి వంటగది తలుపు పక్క బల్ల ఇచ్చే చోట దీని నిజం కనబడుతుంది. ధర్మం కోరేది ఇందుకు భిన్నమైనది. ఎవరూ తనవారు కాని బంతిలో కూడా అందరికీ ఒకే చేత్తో వడ్డించడమే వడ్డనకు నీతి. ఖరీదైన చోట ఈ నీతి తప్పితే, డబ్బు ఇచ్చినా పరాయితనం పోలేదన్న భావన అతిథిలో మిగులుతుంది. ఆ భావన నిజమైనది, దాన్ని అల్పమని కొట్టిపారేయకూడదు.

భావన నిజమైనంత మాత్రాన కోపానికి హద్దు లేకుండా పోదు. సెనెకా 'కోపం' గ్రంథంలో చాకిరీ చేసే కుర్రాడు చురుగ్గా లేడనీ, తాగే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయనీ, బల్ల సరిగ్గా సర్దలేదనీ రగిలిపోయేవారిని సుఖం వల్ల సున్నితమైపోయినవారిగా చూపుతాడు. అదే గ్రంథంలో వేడియస్ పోలియో కథ ఉంది. అతడి విందులో ఒక బానిస స్ఫటికపు పాత్ర పగలగొట్టాడు. ఆ కుర్రాణ్ణి చెరువులోని చేపలకు వేయమని పోలియో ఆజ్ఞాపించాడు. కుర్రాడు అతిథిగా ఉన్న చక్రవర్తి అగస్టస్ కాళ్ల మీద పడ్డాడు. అగస్టస్ అతణ్ణి విడిపించి, మిగతా స్ఫటికపు పాత్రలన్నీ తన ఎదుటే పగలగొట్టించి, చెరువును పూడ్పించాడు. ఆ విందులో అతిథే వడ్డించేవాడి పక్షాన నిలబడ్డాడు. పాత్ర కన్నా మనిషి ఎక్కువన్న సంగతిని విందు మధ్యలో అంత సూటిగా చెప్పిన ఉదాహరణలు తక్కువ.

వీటన్నిటినుంచి ఇరువైపులా కొన్ని విధులు తేలతాయి. భోజనశాల తాను నిలబెట్టుకోగలిగినంతే మాట ఇవ్వాలి. సరిపడా మనుషుల్ని పెట్టాలి. తప్పు జరిగితే అడిగించుకోకుండా ఒప్పుకోవాలి. వడ్డించే మనిషి పనిని నిజాయితీగా చేయాలి, మనసులో లేని ప్రేమను నటించనక్కరలేదు. అతిథి ఫిర్యాదును బల్ల దగ్గరే, అప్పుడే, మెల్లగా, దేని గురించో స్పష్టంగా చెప్పాలి. తైత్తిరీయం భృగువల్లిలో అన్నాన్ని నిందించకూడదన్న వ్రతం ఉంది. పళ్లెంలో ఉన్నది ఒక పశువు ప్రాణానికి బదులుగా వచ్చిన తిండి అయినప్పుడు ఆ వ్రతానికి బరువు ఇంకా పెరుగుతుంది. అలాంటి తిండిని అజాగ్రత్తగా మాడ్చడం వండినవారి తప్పు. అలకతో తోసేసి లేచిపోవడం తినేవారి తప్పు.

అతిథి పట్ల జరిగిన లోపాన్ని సరిదిద్దే పద్ధతికి కఠోపనిషత్తు మొదటి ఘట్టమే నమూనా. నచికేతుడు యముడి ఇంటికి వెళ్లేసరికి యముడు లేడు. మూడు రాత్రులు ఆ పిల్లవాడు అన్నం లేకుండా వేచి ఉన్నాడు. తిరిగి వచ్చిన మృత్యుదేవత సాకులు చెప్పలేదు, వేరెవరి మీదికీ నెట్టలేదు. అతిథికి నమస్కరించి, రాత్రికి ఒకటి చొప్పున మూడు వరాలు కోరుకోమన్నాడు. లోపం ఎంతో పరిహారం అంత, దాన్ని ఇచ్చినది ఇంటి యజమానే. అతిథి వైపు పాఠం నచికేతుడి మొదటి వరంలో ఉంది. మూడు రాత్రులు పస్తున్న ఆ పిల్లవాడు తనకు జరిగిన అమర్యాద ప్రస్తావన తేలేదు. ఇంటి దగ్గర తన మీద కోపంతో ఉన్న తండ్రి మనసు శాంతించాలనీ, తాను తిరిగి వెళ్లినప్పుడు గుర్తుపట్టి ప్రేమగా పలకరించాలనీ కోరుకున్నాడు.