పిలుపుకు ముందటి పరిచర్య

వాక్యభాగము: 1 సమూయేలు 3:1-15

పుదుచ్చేరి ఇందిరానగర్‌లో నాకు పరిచయమైన ఒక తెలుగు యువకుడు నన్ను ఇట్లడిగెను: “అయ్యగారూ, దేవుడు నాకు నియమించిన పని యేదో తెలిసినయెడల నేడే ఆరంభింతును. తెలియకుండ ఎట్లు ఆరంభింపగలను?” ఇది చిన్న ప్రశ్న కాదు. తెలియుటకై కనిపెట్టుచు యౌవనమంతయు గడిపినవారిని నేనెరుగుదును.

ప్రియ చదువరులారా, ఈ అధ్యాయపు ఏడవ వచనమునొద్ద కొంచెము ఆగుడి. మందిరములోనే నిద్రించి, తెల్లవారగానే దాని తలుపులు తెరచుచుండిన సమూయేలునకు అప్పటికింకను యెహోవాతో పరిచయము కలుగలేదు! స్వరము వినబడినప్పుడు ఏలీ పిలిచెననుకొని మూడుమారులు పరుగెత్తెను. అర్థము కాకపోయినను పరుగెత్తెను; ఏండ్ల పరిచర్య అతని కాళ్లకు ఆ అలవాటు చేసియుండెను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను సంగతి తెలుగువారికి తెలిసినదే. కలకత్తాలో దైవసేవకుని కుమారుడుగా 1798లో జన్మించి, 1817లో మద్రాసు చేరెను. కంపెనీ కొలువునకు దేశభాష అవసరము గనుక తెలుగు నేర్చెనేగాని ప్రేమించి కాదు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చెను. మరికొన్ని యేండ్లకు ద్యుబువా వ్రాసిన గ్రంథములో వేమన ప్రస్తావన చూచి, ఆ పద్యములను వెదకనారంభించెను. (ఆ ద్యుబువా 1792లో ఫ్రాన్సు విడిచి ఈ పుదుచ్చేరి మిషనుకే చేరిన కతోలిక గురువు. దేవుడు ఎవరి చేతి దివిటీతో ఎవరికి దారి చూపునో!) 1829లో వేమన పద్యములు ఆంగ్లానువాదముతో అచ్చయ్యెను. పండితులకు జీతములిచ్చి, తాళపత్రప్రతులను సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించుచు గడిపిన యేండ్ల ఫలముగా 1852లో నిఘంటువు వెలువడెను. కొలువుకై నేర్చిన భాష ఏ దినమున అతనికి ప్రాణమాయెనో అతడైనను చెప్పగలిగియుండునా?

నేనును భాషాంతరీకరణమును కోరి చేపట్టలేదు. డాక్టరేటు పొందివచ్చిన నాకు ప్రసంగవేదికయే ఘనమని తోచెను. ఒక వ్యాఖ్యానమును తెనిగింపుమని పెద్దలు అప్పగింపగా, మొదటి సంవత్సరము విసుగుతోనే చేసితిని. పెక్కేండ్ల తరువాత ఒక రాత్రి, ‘హెసెద్’ అను హెబ్రీ పదమునకు ‘కృప’ అను మాట చాలునా అని తలపోయుచు పడకమీదనుండి లేచి కూర్చుంటిని. ఆ రాత్రి నన్నెవరును ఆ పని అడుగలేదు.

చేసిన ప్రతి పనియు ప్రేమగా మారునని నేను చెప్పను. యాకోబునకు ప్రేమయే ముందు కలిగెను, కొలువు తరువాత వచ్చెను. కొందరికి అట్లగును. తక్కినవారము చేయుచునే కనుగొనవలసినవారము.

ఆ యువకుని ప్రశ్నకు నేను వెంటనే ఉత్తరమియ్యలేదు. ఇంట తెలుగు మాటలాడుచున్నను చదువనేరని పిల్లలు కొందరు ఆ వీధిలో కలరు. వారికి అతడు ఆదివారము సాయంకాలములయందు అక్షరములు నేర్పుచుండును. “అది ఎంతకాలమునుండి?” అని అడిగితిని.

“నాలుగేండ్లాయెను. ఎవరును లేక నేను చేయుచున్నాను. అది పిలుపు కాదు గదా అయ్యగారూ?”

అంతలో పిల్లలు పలకలతో లోనికి వచ్చిరి. వారిలో చిన్నది ‘క్ష’ వ్రాయ నేర్చితినని చెప్పెను. నేనక్కడ ఉన్న సంగతి మరచి అతడు చాపమీద కూర్చుండి, ఆ పలకను చేతిలోనికి తీసికొనెను.