సంకల్పమూ దోషమూ

ఇంటెన్సివ్ కేర్‌లోని శిశువుకు మెడలోనో తొడ మొదట్లోనో ఉన్న పెద్ద సిరలోకి ఎక్కించి గుండె వైపు నడిపే సన్నని గొట్టమే సెంట్రల్ వీనస్ కాథెటర్; మందులు అందించే ఆ దారినే సూక్ష్మజీవులు రక్తంలో చేరవచ్చు, గొట్టం చుట్టూ రక్తం గడ్డకట్టవచ్చు, దీన్నే థ్రాంబోసిస్ అంటారు. సంకల్పం మంచిదైతే కర్తకు దోషం అంటదనే వాదం ఇక్కడ సగమే నిలుస్తుంది, ఎందుకంటే పసివారి సిర సన్నదై గడ్డకట్టడాన్ని ఒక్కోసారి ఎవరూ ఆపలేరు గాని, చేతులు కడగకపోవడం విధిరాత కాదు. ప్రధానంగా పెద్దలున్న మిషిగన్ ఐసీయూలలో జరిగి 2006లో వెలువడిన అధ్యయనం, చేతుల శుభ్రత మొదలు అక్కరలేని గొట్టాన్ని తీసేయడం దాకా ఐదు జాగ్రత్తలతో ఈ ఇన్ఫెక్షన్లు ఎంతగానో తగ్గాయని చూపింది. కర్మఫలమని సరిపెట్టుకున్నదాంట్లో చాలా భాగం ఉపేక్షే.