కళ్ళమును దైవతీర్పును

దైవశిక్ష యనగానే ఖడ్గహస్తుడగు రాజు మన మనస్సునకు తోచును. ప్రాచీన హెబ్రీయ ప్రవక్తలు తఱచుగా చేనిని, తోటను, కళ్ళమును చూపిరి. రాజు తన కోపము కొలదిని దండించును. చేను విత్తిన దానినే మరల నిచ్చును. ఈ భేదము విచారింపదగినదని మేము తలంచుచున్నాము.

క్రీస్తుపూర్వము 8వ శతాబ్దమున తెకోవ గ్రామవాసియగు ఆమోసు పశువులను కాచుచు, మేడిచెట్ల పని చేయుచు జీవించెను. అతనికి దర్శనమున కానవచ్చినది గంపెడు వేసవి పండ్లు. హెబ్రీ భాషలో అట్టి పండునకును అంతమునకును గల మాటలు చెవికి దాదాపుగా నొక్కటియే. పండినది రాలక తప్పదు. పాపమునకును పరిపాకము కలదు. ఆ పాపమేది? దొంగకొలతలు, తప్పుత్రాసులు, చెప్పులజోడు వెలకు దరిద్రుని కొనుట.

అదే శతాబ్దమున యెరూషలేములో యెషయా ద్రాక్షతోటను గూర్చి పాడెను. యజమానుడు రాళ్ళేఱివేసి, మేలైన తీగ నాటి, బురుజు కట్టి వేచియుండగా కారుద్రాక్షలు కాచెను. దేవుడు కోరినది సెదాకా, అనగా నీతి. వినబడినది సెఆకా, అనగా పీడితుల మొఱ. అంతట యజమానుడు కంచె తీసివేసెను. ఆ పాట ముగియగానే ప్రవక్త, ఇతరులకు చోటు లేకుండునట్లు చేనికి చేను కలుపుకొనువారిని నిందించెను.

కావున కరవున మడిసిన పేదను చూచి, ఇది వాని పాపఫలమనుట ఈ ఉపమానమును తలక్రిందు చేయుటయే. ప్రవక్త వ్రేలు చూపినది ఆకలిగొన్నవాని వైపు గాదు, గాదె నిండినవాని వైపు.

అయినను శిక్షయే తుదిమాట గాదు. యెషయా గ్రంథము 28వ అధ్యాయమున నొక రైతు కలడు. అతడు జీలకఱ్ఱపై బండిచక్రము నడపడు, కఱ్ఱతో దులుపును. ధాన్యమును నూర్చును గాని సదా నూర్చుచుండడు. ఈ వివేకము దేవుడే నేర్పెనని ప్రవక్త చెప్పుచున్నాడు. నేర్పినవానికి అది లేకుండునా? కళ్ళమునందలి దెబ్బ గింజపై పగ గాదు. ఊకనుండి గింజను విడిపించు యత్నము.

సోదరులారా, ఉపాసనామందిరమున కూర్చుండు మనలో భూమి గలవారు, కొలతపాత్ర చేత బట్టినవారు కలరు. తీర్పు ఎన్నడు వచ్చునని యడుగుటకంటె, మన చేలలో నేమి విత్తబడినదో చూచుకొనుట మేలు. మన గుమ్మమున మొఱ వినబడుచుండగా మన కీర్తనము పరమేశ్వరుని చెవి సోకునా?