కొనే ముందు వివేకం

పూజగదిలో కూర్చున్నంతసేపు మనసు నెమ్మదిగానే ఉంటుంది. దుకాణంలో అమ్మకందారు ‘ఇంకో రెండు వేలు వేసుకుంటే ఇంతకంటే మంచిది వస్తుందండీ’ అన్నప్పుడు అదే మనసు ఎటు మొగ్గుతుందో గమనించాలి. సాధన ఎంత వంటబట్టిందో అక్కడే తెలుస్తుంది.

భగవద్గీత చివరి అధ్యాయంలో శ్రీకృష్ణుడు బుద్ధిని సాత్త్వికం, రాజసం, తామసం అని మూడు విధాలుగా వివరిస్తాడు. సాత్త్విక బుద్ధికి నాలుగు జంటల మధ్య తేడా స్పష్టంగా తెలుస్తుంది. కార్యం-అకార్యం, భయం-అభయం, ప్రవృత్తి-నివృత్తి, బంధం-మోక్షం. రాజస బుద్ధి ఈ తేడాలను సరిగా పట్టుకోలేదు. తామస బుద్ధికి అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. ఈ ఉపదేశం కురుక్షేత్రంలో అర్జునుడికి అందినా, నిత్యజీవితంలో మనం తీసుకునే చిన్నచిన్న నిర్ణయాలకూ అక్షరాలా వర్తిస్తుంది. ఇవాళ చాలా ఇళ్లలో ఎదురవుతున్న ఒక పనినే తీసుకుందాం. పాత వైఫై రూటర్ మొరాయిస్తోంది, కొత్తది కొనాలి. దానికి ఏ బుద్ధితో పూనుకోవాలి?

మొదటిది కార్యాకార్యాల విచారణ. నెట్ ఆగగానే ‘రూటర్ పోయింది’ అని తీర్మానించేస్తాం. ముందు ఫైబర్ మోడెమ్ మీద ఉన్న దీపాలను చూడాలి. ‘ఎల్‌ఓఎస్’ అని రాసి ఉన్నచోట ఎర్రదీపం వెలుగుతుంటే ఫైబర్ కేబుల్ నుంచి సిగ్నల్ అందడం లేదని అర్థం. అప్పుడు ఎంత ఖరీదైన రూటర్ తెచ్చినా ఉపయోగం లేదు, నెట్ ఆపరేటర్‌కు ఫోన్ చేయాలి. దీపాలన్నీ సరిగా ఉంటే ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి వేగం చూడాలి. కేబుల్‌తో ప్లాన్ ప్రకారం వేగం వస్తూ, వైఫైలో మాత్రం రాకపోతే రూటర్ ఎక్కడుందో చూడాలి. చాలా ఇళ్లలో అది టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో, తలుపులు మూసిన అల్మరాలోనో ఉంటుంది. ఇనుము తరంగాలను అడ్డుకుంటుంది. ఇంటికి మధ్యగా, కాస్త ఎత్తులో, నలువైపులా ఖాళీ ఉండేలా పెడితే కొన్ని ఇళ్లలో సమస్య అక్కడితో తీరిపోతుంది. దోషం వస్తువులో ఉందా, మనం వాడే తీరులో ఉందా అని నిదానంగా విచారించడం పెద్ద గుణం. మనుషుల విషయంలోనూ ఈ ఓపిక అలవడితే ఎన్నో నిందలు మన నోటి నుంచి రాకుండా ఆగిపోతాయి.

విచారించాక, మార్చక తప్పదని తేలింది. ఇప్పుడు ఎంతటిది కావాలి? పతంజలి మహర్షి యోగసూత్రాల్లో చెప్పిన అయిదు యమాల్లో సత్యం, అపరిగ్రహం రెండూ ఉన్నాయి. సత్యాన్ని ముందు డబ్బా మీది అంకెలకు అన్వయించాలి. ‘ఏసీ 1200’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద 867 ఎంబీపీఎస్, రెండూ కూడి సుమారుగా 1200 అన్నమాట. అలాంటి రూటర్‌తో మన ఫోను ఒక సమయంలో ఒక బ్యాండ్ మీదే పనిచేస్తుంది కాబట్టి ఆ మొత్తం ఎవరికీ అందదు. పైగా అవి సిద్ధాంతపరమైన గరిష్ఠ వేగాలు, గోడలున్న ఇంట్లో అంత రాదు. మనం కట్టే ప్లాన్ 100 ఎంబీపీఎస్ అయితే ఏ రూటరూ బయటి నుంచి అంతకు మించి తీసుకురాలేదు.

అపరిగ్రహం అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం. వైఫై 6 పరికరాలకు 2019 నుంచి, వైఫై 7 పరికరాలకు 2024 జనవరి నుంచి ధ్రువీకరణ ఇస్తున్నారు. ఇంట్లో ఫోన్లన్నీ వైఫై 5 కాలం నాటివైతే, వైఫై 7 రూటర్ తెచ్చినా అందులోని కొత్త సదుపాయాలు వాటికి అందవు. మధ్యతరగతి కుటుంబానికి, రెండు మూడు పడకగదుల ఇంటికి, రెండు బ్యాండ్లూ గిగాబిట్ పోర్టులూ ఉన్న వైఫై 6 రూటర్ చక్కగా సరిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా వెళ్తుంది కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 నెమ్మదైనా దూరం వెళ్తుంది. వెనక గదిలో ఉండే తాతయ్య అమెరికాలోని మనవరాలితో వీడియో కాల్ మాట్లాడాలంటే ఈ రెండోదీ అవసరమే. రెండంతస్తుల ఇల్లయితే ఒకే పెద్ద రూటర్ మీద డబ్బు పోయడంకన్నా రెండు మూడు చిన్నవాటిని కలిపే మెష్ పద్ధతి మేలు. పోర్టుల సంగతి మరవకూడదు. 100 దాటిన ప్లాన్ తీసుకుని 100 ఎంబీపీఎస్ పోర్టులున్న రూటర్ పెడితే, కట్టిన డబ్బుకు తగిన వేగం ఇంట్లోకే రాదు. అపరిగ్రహం పేరుతో అవసరానికి చాలనిది కొనడమూ వివేకం అనిపించుకోదు.

రెండో జంట భయాభయాలు. మన ఆడపడుచులు గడపకు పసుపు రాసి బొట్లు పెడతారు. గడప దాటి ఏది లోపలికి రావాలో, ఏది రాకూడదో అన్న ఎరుకకు అది గుర్తు. లోకమంతా ఇంట్లోకి వచ్చే గడప ఇవాళ రూటరే. 2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రామ్, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చని కెమెరాల్లో, రూటర్లలో దూరి, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్ల మీద దాడులు చేయించింది. యజమానులకు తమ ఇంటి వస్తువు ఇంకొకరికి హాని చేస్తోందన్న సంగతే తెలియదు. మన అజాగ్రత్త పరుల బాధకు కారణం కావడాన్ని ధర్మం ఒప్పుకోదు. అందుకే 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 భద్రత ఉన్న రూటర్‌నే ఎంచుకోవాలి. కంపెనీ భద్రతా అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తుందో అడగాలి. బిగించిన రోజునే వైఫై పాస్‌వర్డ్‌తోపాటు రూటర్ సెట్టింగుల పాస్‌వర్డ్ కూడా మార్చాలి. భయపడవలసిన విషయం ఇది.

భయపడనక్కర్లేనిదీ ఒకటుంది. రూటర్ తరంగాలు ఒంటికి చేటని కొందరు పెద్దలు దిగులుపడుతుంటారు. అవి చాలా తక్కువ శక్తి గల రేడియో తరంగాలు. ఇలాంటి బలహీన తరంగాల వల్ల ఆరోగ్యానికి హాని జరుగుతుందనడానికి నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే ప్రకటించింది. ఆ దిగులు వదిలేసి, పాస్‌వర్డ్ మీద శ్రద్ధ పెట్టడమే సాత్త్వికం.

మూడో జంట ప్రవృత్తి-నివృత్తి. ఏ పనిలోనైనా దిగడం తెలిసినట్టే విరమించడమూ తెలియాలి. ఇప్పటి రూటర్లలో చాలావాటికి, ఏ ఫోనుకు ఏ వేళలో నెట్ ఇవ్వాలో నిర్ణయించే వీలుంది. కొనేటప్పుడు ఈ సదుపాయం ఉందో లేదో చూడండి. రాత్రి భోజనాల వేళ ఓ గంట పిల్లల ఫోన్లతోపాటు పెద్దల ఫోన్లకూ నెట్ ఆపి చూడండి. పిల్లలకు మాత్రమే నియమం పెట్టి, తాము మినహాయింపు తీసుకునే పెద్దల మాటకు విలువ ఉండదు. ఇంద్రియ నిగ్రహం ఇంటి పెద్ద నుంచే మొదలవ్వాలి. అలాగే అతిథుల కోసం ‘గెస్ట్ నెట్‌వర్క్’ విడిగా పెట్టుకోవచ్చు. వచ్చినవారికి నెట్ అందుతుంది, మన ఇంటి కంప్యూటర్లు, కెమెరాల జోలికి ఎవరూ వెళ్లరు. అతిథి మర్యాదా, గృహరక్షణా రెండూ నెరవేరతాయి.

చివరిది బంధమోక్షాలు. కొత్తది వచ్చాక పాతదాన్ని అటక మీద పడేస్తాం. ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అన్న మాటే పరిగ్రహానికి మొదలు. అది ఇంకా బాగా పనిచేస్తూ, కంపెనీ అప్‌డేట్లు అందుతుంటే, వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్నుతో రీసెట్ బటన్ నొక్కి, మన వివరాలన్నీ చెరిపేసి, అవసరమున్న విద్యార్థికి ఇవ్వండి. పనికొచ్చినంతకాలం దాచుకుని, భద్రత పోయాక ఇచ్చేది దానం అనిపించుకోదు. పాడైపోతే చెత్తబుట్టలో వేయవద్దు. దేశంలో ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. నమోదైన సేకరణదారులకో రీసైక్లర్లకో అప్పగించండి. భూమాతకు పొద్దున్నే నమస్కరించి, సాయంత్రం ఆమె ఒడిలో సర్క్యూట్ బోర్డులు పారేయడం భక్తికి తగదు.

ఈ నాలుగు ప్రశ్నలూ రూటర్‌తో ఆగిపోయేవి కావు. ఇది అవసరమా? ఇందులో దేనికి జాగ్రత్తపడాలి? ఎక్కడ ఆపాలి? దేన్ని వదిలిపెట్టాలి? తరువాత ఏ వస్తువు కొన్నా ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని వీటికి జవాబులు చెప్పుకోండి. ఆ తరువాతే దుకాణానికి బయలుదేరండి.