ఎవరో కొట్టిన మేకు

1992 ఆగస్టు 24 తెల్లవారుజామున ఆండ్రూ తుఫాను అమెరికాలోని ఫ్లోరిడాలో, మయామీకి దక్షిణాన తీరం దాటింది. పాతిక వేలకు పైగా ఇళ్లు నాశనమయ్యాయి. చెల్లింపుల భారం మోయలేక 11 బీమా కంపెనీలు దివాలా తీశాయి. చట్టం భాషలో ఇది దైవఘటన, అంటే ఎవరి తప్పూ కాదు. శిథిలాలు తిరగేసినవాళ్లకు మాత్రం వేరే సంగతి కనిపించింది. కొన్ని కాలనీల్లో కప్పు మీది ప్లైవుడ్‌కు కొట్టిన పిన్నులు వాసానికి తగలకుండా పక్కనుంచి దిగిపోయాయి. గాలి లాగగానే ప్లైవుడ్ లేచిపోయింది.

ఇప్పుడక్కడ బీమా లెక్క కోసం తనిఖీదారు టార్చిలైటుతో అటకలోకి పాకుతాడు. వాసాన్ని గోడకు పట్టి ఉంచింది వట్టి ఏటవాలు మేకులా, ఇనుప క్లిప్పా, వాసం మీదుగా చుట్టి వచ్చిన పట్టీయా అని చూసి ఫోటో తీస్తాడు. మేకుకూ మేకుకూ మధ్య ఆరంగుళాలా, పన్నెండా అని కొలుస్తాడు. గాలి వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే ఆ కొలతలను బట్టి ప్రీమియంలో రాయితీ దొరుకుతుంది, లేదా పోతుంది.

దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి అడుగుతాడు. దైవం విత్తనమైతే ప్రయత్నం పొలమనీ, పొలం లేనిదే విత్తనం ఫలించదనీ జవాబు. గాలి దైవం, కప్పు పురుషకారం. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా ఆ పురుషకారం ఎవరిదన్న దగ్గరే. పిన్ను తప్పించి కొట్టింది పనివాడు. చూసీ చూడనట్టు సంతకం పెట్టింది అధికారి. లాభం తీసుకుని వెళ్లిపోయింది బిల్డరు. ప్రీమియం కట్టేది ఏళ్ల తర్వాత ఆ ఇల్లు కొనుక్కున్నవాడు; అటకలో ఏముందో అతనెన్నడూ చూడలేదు. మన తార్కికులు ఒప్పుకోని దోషం సరిగ్గా ఇదే: కృతనాశం, అకృతాభ్యాగమం. చేసినవాడికి ఫలం తగలకపోవడం, చేయనివాడి నెత్తిన పడటం. అలా జరగరాదు కనుకే శరీరం పోయినా ఆత్మ నిలుస్తుందని వాళ్లు వాదించారు. ఇంటి విషయంలో ఆ ఊరట లేదు. యజమాని మారినా బాకీ ఇంటినే అంటిపెట్టుకుని ఉంటుంది.

అలాగని ప్రీమియం లెక్కను తప్పుపట్టలేం. ముప్పు దాచిన ప్రీమియం మనిషిని బలహీనమైన కప్పు కింద నిశ్చింతగా పడుకోబెడుతుంది. అది ఇంకా పెద్ద అన్యాయం. ఇంటి గురించి తేలిన నిజం, అందులో కాపురముంటున్నవాడికి శిక్షగా మారడమే బాధ.

మన దగ్గర 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది. సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుని అక్కడ కట్టాలని భారతీయ ప్రమాణాల్లో అంతకు ఎంతో ముందే రాసి ఉంది. రేకుల ఇంట్లో బతికే జాలరి దాకా ఆ ప్రమాణం రాలేదు. బీమా కూడా చాలామందికి లేదు.

ఫ్లోరిడా ప్రభుత్వం 2022లో మళ్లీ తెరిచిన పథకంలో తనిఖీ ఉచితం. కప్పు గట్టిచేయడానికి యజమాని ఒక డాలరు పెడితే ప్రభుత్వం రెండు కలుపుతుంది, 10,000 డాలర్ల దాకా. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు తమ వాటా పెట్టనక్కర్లేదు. ఎవరో చేసిన తప్పుకు పరిహారాన్ని ఊరంతా కలిసి మోయడమే ఇది. కర్మ సిద్ధాంతం దీన్ని ఒప్పుకుంటుందో లేదో గానీ, ధర్మం ఒప్పుకుంటుంది.